రేడియో గుమ్మంలో పట్టని పాట



ఛందస్సు, వ్యాకరణం, ప్రబంధాలు – వీటి చుట్టూనే తిరిగే నా వ్రాతలకు అలవాటుపడినవారు నేటి టపా చూసి కొంత విస్తుపోవచ్చు. ముప్పైయేళ్లకు పైగా ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి విరమించినవాడికి ఆంగ్లేయుల రాక్ సంగీతంతో పనేమిటని అడుగవచ్చు. పని ఉన్నది. నేను ప్రాణప్రదంగా చూసుకొనే దీర్ఘకావ్యానికి ఏ ఆపద వచ్చిపడినదో, ప్రోగ్రెసివ్ రాక్ అనే సంగీతానికీ అదే ఆపద వచ్చిపడింది. నిడివి ఎక్కువ, ఓపిక కావాలి, ఒక్కసారికి లొంగదు – కనుక నేటివారికి పనికిరాదని తీర్పు చెప్పేశారు. మన దీర్ఘకావ్యం ఆ తీర్పు కింద ఇంకా నలుగుతూనే ఉన్నది. ఆ సంగీతం మాత్రం లేచి నిలబడ్డది. రేడియో దయతలచినందువల్ల కాదు, శ్రోతలు పూనుకొన్నందువల్ల. నేను చెప్పదలచినది ఇంతే: మంచి సంగీతం తనంత తాను మన ఇంటికి వస్తుందని కూర్చోవడం శ్రోత లక్షణం కాదు. దాన్ని వెదకి పట్టుకోవడం, పట్టుకొన్నాక పోషించడం – ఈ రెండూ శ్రోత పనులే.

నాకు ఈ సంగీతం పరిచయమైనది మా పెద్దబ్బాయి వల్ల. ఇంజనీరింగు చదివే రోజుల్లో అతడు కూడబెట్టుకొన్న సీడీలు ఒక అట్టపెట్టెడు ఇంట్లో ఉండిపోయినవి. ఉద్యోగ విరమణ తరువాత తీరిక చిక్కి ఒక్కొక్కటే విన్నాను. పెట్టె అయిపోయినా ఆకలి తీరలేదు. అప్పటినుండి నా దారిన నేను వెదుక్కొంటున్నాను.

ముందుగా పేరు సంగతి. 'ప్రోగ్రెసివ్' అన్న మాటను తెనిగించబోతే చిక్కువస్తుంది. 'అభ్యుదయం' అనగానే మనకు 1943లో తెనాలిలో జరిగిన అభ్యుదయ రచయితల తొలి మహాసభ స్ఫురిస్తుంది. ఇక్కడ ఆ అర్థం లేదు. 1960ల చివర ఇంగ్లండులో కొందరు యువకులు పల్లవి-చరణం-పల్లవి అనే చట్రం తమ ఊహలకు చాలదనుకొన్నారు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలోని దీర్ఘరచనల కట్టడాన్ని, జాజ్‌లోని మనోధర్మాన్ని, తమ పల్లెల జానపదాన్ని రాక్‌తో జోడించారు. 1969 అక్టోబరులో వెలువడిన కింగ్ క్రిమ్సన్ బృందపు తొలి ఆల్బంను ఈ మార్గానికి నాందిగా చెబుతారు. 1972వ సంవత్సరం ఒక్కదానిలోనే ఎన్ని వచ్చినవో చూడండి. యెస్ బృందం వారి 'క్లోజ్ టు ది ఎడ్జ్' దాదాపు 19 నిమిషాల రచన. జెనెసిస్ వారి 'సప్పర్స్ రెడీ' సుమారు 23 నిమిషాలు. జెత్రో టల్ వారి 'థిక్ యాజ్ ఎ బ్రిక్' అయితే రికార్డుకు రెండు ప్రక్కలా కలిపి ఒకే రచన, 40 నిమిషాల పైమాట.

నా పరిభాషలో చెప్పాలంటే రేడియో పాట చాటువు, ఇది ప్రబంధం. చాటువును తక్కువ చేసి మాట్లాడటం లేదు. నాలుగు పాదాల్లో లోకాన్ని ఇమిడ్చిన చాటుకవులకు నేనూ దాసుణ్ణే. అయితే ఒక జాతికి చాటువులు మాత్రమే దక్కి, ప్రబంధాలు దక్కకుండా పోతే ఆ జాతి సాహిత్యాన్ని సంపూర్ణమని అనగలమా?

ఈ సంగీతం గురించి ఇంకొక భయం ఉన్నది – తాళం కుదరదని, లెక్క అందదని. నాలుగేసి దెబ్బల నడకకు అలవాటుపడిన చెవులకు ఏడు, అయిదు, తొమ్మిది దెబ్బల నడకలు తడబాటుగా తోచడం సహజమే. కాని తెలుగువాడికి ఆ భయమెందుకు? మత్తకోకిల పాదాన్ని నోరారా చదివి చూడండి. మూడు, నాలుగు – మూడు, నాలుగు అంటూ ఏడేసి మాత్రలుగా సాగిపోతుంది. గురజాడ ముత్యాలసరం నడకా ఆ మిశ్రగతే. మన గాయకుల మిశ్రచాపూ ఆ ఏడే. పింక్ ఫ్లాయిడ్ వారి 1973 నాటి ఆల్బంలో 'మనీ' అనే పాట చాలభాగం ఏడు దెబ్బల మీదనే నడుస్తుంది. అది విన్నప్పుడు నా వేళ్లు తమంత తామే ముత్యాలసరాన్ని కొట్టినవి. 'సప్పర్స్ రెడీ'లో ఒక ఘట్టమైతే తొమ్మిది లెక్కన నడుస్తుంది. మనకది సంకీర్ణం. అమెరికాలో కారు నడుపుతూ రేడియో వినేవాడికి ఏది వింత అయినదో అది మనకు పుట్టింటి నడక.

ఇక రేడియో సంగతి. రేడియోను తిట్టడం తేలిక. ఎందుకిలా అయినదో చూడటం మేలు. పాట మూడు మూడున్నర నిమిషాలుండాలన్నది సంగీతం పెట్టిన నియమం కాదు, యంత్రం పెట్టినది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డు ఒక ప్రక్క మూడు నిమిషాలు, మహా అయితే మరికొంత మాత్రమే పట్టేది. మన గాయకులూ ఆ రోజుల్లో రాగాన్ని, కృతిని ఆ కొలతకు కుదించి పాడినవారే. 1948లో దీర్ఘకాల రికార్డు వచ్చి ప్రక్కకు ఇరవై నిమిషాల పైచిలుకు చోటిచ్చింది. యంత్రం సంకెల తెంచింది కాని రేడియో పాత సంకెలను నగలాగా ధరించి కూర్చున్నది. పొట్టి పాటల మధ్య ప్రకటనలు దూర్చడం సులువు కదా! యెస్ వారి 'రౌండబౌట్' ఎనిమిదిన్నర నిమిషాల రచన. 1972లో రేడియో కోసమని దాన్ని మూడున్నర నిమిషాలకు కత్తిరించి విడుదల చేశారు. ఆ ముక్క అమెరికాలో బాగా మ్రోగింది. మనుచరిత్రలో రెండు పద్యాలు ఏరి వల్లెవేసి, మనుచరిత్ర చదివానని చెప్పుకొన్నట్లు.

అయితే రేడియో స్వభావతః ఈ సంగీతానికి శత్రువు కాదు. 1967లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కేఎంపీఎక్స్ అనే ఎఫ్.ఎం. కేంద్రంలో టామ్ డొనహ్యూ అనే వ్యాఖ్యాత జనాదరణ జాబితాలను ప్రక్కకు నెట్టి, తనకు నచ్చిన దీర్ఘరచనలను ప్రసారం చేయడం మొదలుపెట్టాడు. ఆ ఒరవడి చాల ఊళ్లకు ప్రాకింది. ఇంగ్లండులో మైక్ ఓల్డ్‌ఫీల్డ్ రచించిన 'ట్యూబ్యులర్ బెల్స్' 1973 మే నెలలో వెలువడగా, బి.బి.సి. వ్యాఖ్యాత జాన్ పీల్ తన కార్యక్రమంలో ఆ రికార్డును యావత్తూ వినిపించాడు. పోలాండు ప్రభుత్వ రేడియోలో పియోతర్ కాచ్‌కోఫ్‌స్కీ అనే ఆయన 'మినిమాక్స్' అనే కార్యక్రమం దశాబ్దాలపాటు నడిపాడు. తక్కువ మాటలు, ఎక్కువ సంగీతం అని ఆ పేరుకు భావం. ఆ దేశంలో ఈ సంగీతానికి అంతటి ఆదరణ ఏర్పడటంలో ఆయన పాత్ర పెద్దది. ఈ ముగ్గురిలోనూ ఒక సామాన్యధర్మం కలదు. ముగ్గురూ తాము విన్నారు, తమకు నచ్చింది, నలుగురికి వినిపించారు. అంటే అక్కడ యంత్రం వెనుక ఒక రసికుడున్నాడు.

ఆ రసికుణ్ణి కుర్చీలోంచి లేపి పంపించివేయడంతోనే కథ మారింది. 1970ల నడుమ నుండి అమెరికా కేంద్రాలు ఏ పాట వేయాలో సలహాదారులు సర్వేలు చేసి నిర్ణయించసాగారు. 1996లో అక్కడ వచ్చిన టెలికమ్యూనికేషన్ల చట్టం, ఒక యాజమాన్యం దేశమంతటా 40 కేంద్రాలకు మించి ఉంచుకోరాదన్న పరిమితిని ఎత్తివేసింది. కొద్ది సంవత్సరాల్లోనే క్లియర్ చానెల్ అనే ఒక్క సంస్థ చేతికి సుమారు 1200 కేంద్రాలు చేరినవి. ఇన్ని ఊళ్లకు ఒకే వంటశాల ఏర్పడ్డాక ఎవరి రుచికి తగినట్లు ఎవరు వండుతారు? 'క్లాసిక్ రాక్' పేరిట డెబ్బైల నాటి పాటలనే త్రిప్పి త్రిప్పి వేస్తారు. పింక్ ఫ్లాయిడ్ వినిపిస్తుంది కాని పింక్ ఫ్లాయిడ్ వేసిన బాటలో ఈనాడు నడుస్తున్నవారు వినిపించరు. పోతన పద్యాలు పాడించి, ఈనాటి పద్యకవిని సభ గుమ్మంలోనే ఆపివేయడం వంటిది ఇది.

1976-77 నాటికి పంక్ సంగీతం వచ్చి, ఈ ప్రబంధకారుల ఆడంబరాన్ని ఎగతాళి చేసింది. ప్రోగ్రెసివ్ రాక్ పని అయిపోయిందని పత్రికలు వ్రాసినవి. అయిపోలేదు. 1992లో స్వీడనులో ఎంగ్లగోర్డ్ అనే యువకబృందం తొలి ఆల్బంతోనే పాత వాద్యాల గంభీరధ్వనిని తిరిగి నిలబెట్టింది. 1995లో అమెరికాలో స్పాక్స్ బియర్డ్ అనే బృందం మొదటి రికార్డు తెచ్చింది. 1999 నుండి 2012 వరకు పెన్సిల్వేనియా ప్రాంతంలో నియర్‌ఫెస్ట్ అనే ఉత్సవం కేవలం ఈ సంగీతం కోసమే నడిచింది. ఇవేవీ రేడియో వల్ల జరిగినవి కావు.

అన్నిటికంటె నన్ను కదిలించినది మారిలియన్ అనే ఆంగ్ల బృందం కథ. 1997లో అమెరికాలో కచేరీలకు వెళ్లడానికి వారి దగ్గర డబ్బు లేదు. సంగతి తెలిసిన అక్కడి శ్రోతలు అంతర్జాలంలో కూడబలుక్కొని సుమారు 60 వేల డాలర్లు ప్రోగుచేసి వారిని రప్పించుకొన్నారు. దానితో ఆ బృందానికి ఒక ఆలోచన తట్టింది. 2001లో వెలువడిన 'అనోరక్నోఫోబియా' ఆల్బంకు ముందుగానే శ్రోతలకు లేఖ వ్రాశారు – ఇంకా రికార్డు చేయని సంగీతానికి మీరు ఇప్పుడే వెల చెల్లిస్తారా, అని. పన్నెండువేల మందికి పైగా చెల్లించారు. కిక్‌స్టార్టర్ వంటి సంస్థలు 2009లో పుట్టడానికి ఎనిమిదేళ్ల ముందటి మాట ఇది.

మనకు ఇది క్రొత్త కాదు. కావ్యానికి కర్త ఒకడు, కృతిభర్త ఒకడు. నన్నయకు రాజరాజు. ముద్రణ వచ్చాక చందాదారుల సాయంతో గ్రంథాలు అచ్చువేసినవారు మన పెద్దల్లో ఉన్నారు. రాజులు పోయినారు, చందాదారులూ తగ్గినారు. మారిలియన్ చేసినదల్లా ఒక్క కృతిభర్తకు బదులు పన్నెండువేల మంది కృతిభర్తలను సంపాదించుకోవడం. ఈ ఒక్క ముక్క మన కవులు, మన పాఠకులు, మన ప్రచురణకర్తలు పటం కట్టించి గోడకు తగిలించుకోవలసినది.

ఇంత చేసి కాపాడుకొన్న సంగీతంలో ఉన్నదేమిటని అడుగుతారు. నాలుగు ఉదాహరణలు చాలు.

పోర్క్యుపైన్ ట్రీ బృందం 2007లో 'ఫియర్ ఆఫ్ ఎ బ్లాంక్ ప్లానెట్' అనే ఆల్బం వెలువరించింది. ఆరు ఖండికలు, సుమారు 50 నిమిషాలు. వస్తువు – తెరల ముందు, మాత్రల మత్తులో, దేనిమీదా ఆసక్తి లేకుండా మొద్దుబారిపోతున్న బాల్యం. బడిలో అన్నేళ్లు వెనుకబెంచీ కళ్లలోకి చూసినవాణ్ణి నేను. ఆ శూన్యదృష్టిని ఇంత దయతో, ఇంత భయంతో పట్టుకొన్న రచన ఏ భాషలోనూ నాకు తారసపడలేదు. అందులో 17 నిమిషాల ఖండిక ఒకటి కలదు. దాని నిడివే దాని అర్థం. మూడు నిమిషాల్లో ముగిస్తే ఆ మొద్దుబారడం మనకు అనుభవానికి రాదు.

ఆ బృందపు నాయకుడు స్టీవెన్ విల్సన్ 2015లో తన పేరున 'హ్యాండ్. కెనాట్. ఇరేజ్.' అనే ఆల్బం తెచ్చాడు. లండనులో ఒక స్త్రీ తన గదిలో మరణించి, రెండేళ్లు దాటేవరకు ఎవరికీ తెలియకుండా ఉండిపోయిన నిజసంఘటన దానికి ప్రేరణ. లక్షలమంది నడుమ ఒక మనిషి మాయమైపోవడం ఎలా సాధ్యమన్న ప్రశ్న ఆ రచన అంతటా మ్రోగుతుంది. శోకం స్థాయి, ఏకాంతం సంచారి అని అలంకారశాస్త్రపు లెక్క వేయబోయి మధ్యలో మానుకొన్నాను. లెక్క వేయనివ్వని రచన అది. అదే విల్సన్ 2025 మార్చిలో 'ది ఓవర్‌వ్యూ' అని ఇంకొకటి తెచ్చాడు. మొత్తం ఆల్బంలో రెండే రచనలు – ఒకటి 23 నిమిషాలు, ఇంకొకటి 18 నిమిషాలు. అంతరిక్షం నుండి భూగోళాన్ని చూచినవారికి కలిగే వింత మనఃస్థితి దాని వస్తువు. రెండే పాటలున్న రికార్డును ఏ రేడియో వేస్తుంది?

బిగ్ బిగ్ ట్రెయిన్ అనే ఆంగ్ల బృందం వారిది ఇంకొక దారి. 2013లో వచ్చిన వారి ఆల్బంలో 'ఈస్ట్ కోస్ట్ రేసర్' అనే దీర్ఘరచన ఉన్నది. 1938 జులైలో మల్లార్డ్ అనే ఆవిరి రైలింజను గంటకు 126 మైళ్ల వేగం అందుకొని నెలకొల్పిన రికార్డు అందులోని కథ. ఇంజను తయారుచేసినవారి పనితనం, నిప్పులో బొగ్గు వేసినవాడి చెమట, వేగం పుంజుకొన్నప్పటి ఉద్వేగం – అన్నీ వరుసన పేర్చుకొంటూ పోతారు. ప్రబంధాల్లో పురవర్ణన, ప్రయాణవర్ణన చెప్పి చెప్పి అలసిన నాకు, వర్ణన అనేది ఇంకా బ్రతికే ఉన్నదని ఆ రచన ఋజువు చేసింది.

సరే, రేడియోలో రానప్పుడు వీటిని పట్టుకోవడం ఎట్లా? నాకు ఉపయోగపడిన మార్గాలు చెబుతాను.

ఒకటి – బృందం పేరు కాదు, మనిషి పేరు పట్టుకోండి. మనం గురుపరంపరను అనుసరించి వెళ్తామే, అట్లా. పోర్క్యుపైన్ ట్రీలో డ్రమ్ములు వాయించే గావిన్ హారిసన్ పేరు పట్టుకొని వెళ్తే ఆయన కింగ్ క్రిమ్సన్‌లోనూ, తరువాత పైనాపిల్ థీఫ్ బృందంలోనూ కనిపిస్తాడు. స్పాక్స్ బియర్డ్‌లోని నిక్ డివర్జిలియో వెంట వెళ్తే బిగ్ బిగ్ ట్రెయిన్ దగ్గర తేలుతాం. స్టీవెన్ విల్సన్ 2001లో స్వీడను బృందం ఓపెత్ వారి 'బ్లాక్‌వాటర్ పార్క్' ఆల్బంకు పనిచేశాడు. కింగ్ క్రిమ్సన్, యెస్, జెత్రో టల్ వారి పాత రికార్డులకు క్రొత్త ధ్వనిమేళనం కూర్చినవాడూ ఆయనే. ఒక్క పేరు తీగ; లాగితే డొంకంతా కదులుతుంది.

రెండు – ప్రచురణ సంస్థ పేరు చూడండి. వావిళ్ళవారి ముద్ర చూసి పుస్తకం కొన్న తరం మాది. ఇక్కడా అట్టి సంస్థలున్నవి. బ్రిటన్‌లో కేస్కోప్, జర్మనీలో ఇన్‌సైడ్‌ఔట్, అమెరికాలో 1984 నుండి క్యూనిఫాం. మూన్‌జూన్ సంస్థ ఇండొనేషియా వాద్యకారులను కూడా లోకానికి పరిచయం చేసింది. ఒక సంస్థ తెచ్చిన ఒక రికార్డు నచ్చితే దాని తోబుట్టువులు నచ్చే అవకాశం మెండు.

మూడు – ఇంగ్లండును దాటండి. పోలాండులో రివర్‌సైడ్, నార్వేలో వాబ్లర్, స్వీడనులో ఎంగ్లగోర్డ్, అనెక్డోటెన్. భాష తెలియకపోయినా ఫరవాలేదు. స్వరానికి నిఘంటువు అక్కరలేదు.

నాలుగు – మూడుసార్లు వినకుండా తీర్పు చెప్పవద్దు. మొదటిసారి దారి తెలియదు. రెండోసారి మలుపులు తెలుస్తాయి. మూడోసారికి గాని ఊరు కనబడదు. వసుచరిత్రను ఒక్కసారి చదివి కొట్టివేసినవాడి మాటకు మనం విలువ ఇస్తామా?

అయిదు – నచ్చినదాన్ని కొనండి. ఇది చివర చెప్పాను కాని మొదటిదిగా లెక్కపెట్టండి.

ఈ అయిదవదాని మీద కొంచెం వాదించాలి. 'రేడియో కాలం పోయింది కదా, స్ట్రీమింగులో అన్నీ దొరుకుతాయి, మన అభిరుచిని కనిపెట్టి అదే వినిపిస్తుంది' అని మా అబ్బాయి అంటాడు. దొరుకుతాయి, నిజమే. దొరకడం వేరు, బ్రతకడం వేరు. స్పాటిఫై లెక్కలో 30 సెకన్లు విన్నంతనే ఒక వినికిడి. 23 నిమిషాల రచనను ఆద్యంతం విన్నా ఒకటే, రెండు నిమిషాల పాట విన్నా ఒకటే. అంటే ఏడాది శ్రమించి ఒక్క ప్రబంధం వ్రాసినవాడికంటె, ఆ కాలంలో పది పొట్టి పాటలు వ్రాసినవాడికి పదింతలు గిట్టుతుంది. పైగా 2024 నుండి ఒక సంవత్సరంలో వెయ్యిసార్లైనా వినబడని రచనకు అక్కడ దమ్మిడీ రాలదు. యంత్రం మారింది. మూడున్నర నిమిషాల సంకెల మాత్రం క్రొత్త పోత పోసుకొని వచ్చింది. ఇక అల్గారిథం అభిరుచి మాటంటారా, అది నేను నిన్న విన్నదానికి దగ్గరగా ఉన్నదాన్ని నేడు వడ్డిస్తుంది. గురువు అలా చేయడు. శిష్యుడికి నచ్చనిదాన్ని కూడా ఇవాళ చదివించి, పదేళ్ల తరువాత నచ్చేలా చేస్తాడు.

దీనికి ఎదురుగా బ్యాండ్‌క్యాంప్ అనే అంగడిని చూడండి. 2008లో మొదలైనది. రచయిత తానే వెల పెడతాడు. అమ్మకంలో సంస్థ సాధారణంగా తీసుకొనేది 10 నుండి 15 శాతం. 2020 మార్చిలో కరోనా వల్ల కచేరీలు ఆగిపోయినప్పుడు కొన్ని శుక్రవారాలపాటు తన వాటాను వదులుకొన్నది కూడా. ఆ తరువాత 2022లో ఒకసారి, 2023లో మరొకసారి యాజమాన్యం చేతులు మారింది. కనుక అంగళ్లను నమ్ముకొని నిద్రపోరాదు. కాని వెల చెల్లించి కొనుక్కొనే శ్రోత ఉన్నంతకాలం ఏదో ఒక అంగడి ఉంటుంది.

నాకు ఎదురయ్యే ఆక్షేపణలు రెండు. మొదటిది – ఇందులో డాబు ఎక్కువ, సాగదీత ఎక్కువ అని. అవును, ఉన్నది. అష్టాదశవర్ణనలు చేయాలి కాబట్టి చంద్రోదయం వర్ణించిన కవులు మనకు లేరా? ప్రబంధం పేరుతో వచ్చినదల్లా ప్రబంధం కాదు; ఇరవై నిమిషాలున్నదల్లా గొప్పదీ కాదు. పొట్టివాటిలో తాలు లేనట్లు మాట్లాడటమే అన్యాయం. రేడియో తూర్పారబట్టి తాలును ఏరివేయలేదు. కొలపాత్రలో పట్టనిదంతా పారబోసింది.

రెండవ ఆక్షేపణ – ఇది పదిమందికి అందని గొప్పవారి వినోదమని. దీనికి బదులు లెక్కలే చెబుతాయి. పోర్క్యుపైన్ ట్రీ పుష్కరకాలానికి పైగా మౌనం వహించి 2022లో వెలువరించిన ఆల్బం బ్రిటన్ ఆల్బంల జాబితాలో రెండవ స్థానం అందుకొన్నది. జనానికి ఓపిక లేదని తీర్మానించినది జనం కాదు, జనం తరఫున మాట్లాడే మధ్యవర్తులు. పిల్లలకు పద్యం పట్టదని పాఠ్యపుస్తకాల సంఘాలు అంటున్నప్పుడల్లా నేను ఈ మాటే చెప్పేవాణ్ణి. పట్టదో లేదో, ముందు వినిపించి చూశారా?

ఇది పరాయివారి గొడవ అనుకోనక్కరలేదు. ఈ మార్గంలో మన దక్షిణదేశపు పిల్లలూ ఉన్నారు. కొచ్చిలోని మదర్‌జేన్ బృందం 2008లో 'మక్తూబ్' అనే ఆల్బం తెచ్చింది. అందులో బైజు ధర్మజన్ గిటారు మీద కర్ణాటక గమకాలు పలికించాడు. బెంగుళూరు బృందం అగమ్ తమ సంగీతాన్ని కర్ణాటక ప్రోగ్రెసివ్ రాక్ అనే పిలుచుకొంటారు. 2017 నాటి వారి రెండవ ఆల్బంలో త్యాగయ్యగారి నళినకాంతి కృతి కలదు. ఏ కృతి అన్నది ఈ బ్లాగు చదివేవారికి వేరే చెప్పనక్కరలేదు. పాడినది మలయాళీ యువకుడు, చుట్టూ మ్రోగేవి విద్యుత్ గిటార్లు, డ్రమ్ములు. నోట పలికేది మాత్రం తెలుగు. సంప్రదాయజ్ఞులు నొసలు ముడివేస్తారని తెలుసు. నేనూ మొదటి విన్నప్పుడు ఉచ్చారణ కోసం చెవి ఒగ్గి కూర్చున్నాను. ఆపైన ఒక సంగతి తోచింది. ఈ కచేరీలకు వేలమంది కుర్రవాళ్లు వస్తున్నారు, తెలుగు మాటను గొంతెత్తి పాడుతున్నారు. మన ఎఫ్.ఎం. కేంద్రాలు రోజంతా తెలుగులో ప్రసారం చేస్తూ ఆ పని చేయగలిగినవా?

తెలుగుదేశంలో పుట్టిన బృందం ఒకటి, తెలుగు కవి క్రొత్తగా వ్రాసిన మాటలతో, నలభై నిమిషాల రచన ఒకటి చేస్తే వినాలని నా కోరిక. మిశ్రగతి మన ఛందస్సులో ఉన్నది. కథాకథనం మన బుర్రకథలో, హరికథలో, యక్షగానంలో ఉన్నది. లేనిదల్లా ముందుగా వెల చెల్లించి 'వ్రాయండి, మేమున్నాం' అనగల పన్నెండువేల మంది. పన్నెండువేలు కాకపోతే పన్నెండువందలు.

ఈ వారాంతంలో ఒక గంట తీరిక చేసుకొని, ఫోను ప్రక్క గదిలో పెట్టి, పైన చెప్పినవాటిలో ఏదో ఒకటి మొదటినుండి తుదిదాకా వినండి. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో వ్రాయండి, వాదించుకొందాం. నచ్చితే మాత్రం వినేసి ఊరుకోకండి. కొనండి, ఇంకొకరికి వినిపించండి. రేడియో కుర్చీలోంచి లేచిపోయిన ఆ రసికుడి చోటు ఖాళీగా ఉన్నది. అక్కడ కూర్చోవలసినవాళ్లం మనమే.

స్వస్తి.